ఉడకని తమాలేలు

క్రెసెన్సియా డేగిసా మూత పక్కకు జరిపి, ఆవిరిలోకి చెయ్యి దూర్చి, మధ్య వరసలోంచి ఒక తమాలేను పైకి లాగింది. కాలుతున్నదాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ మొక్కజొన్న డొప్ప విప్పింది. లోపలి పిండి డొప్పను వదల్లేదు. వేలితో నొక్కితే వేలికే అంటుకుని వచ్చింది.

"పచ్చిగానే ఉంది," అంది.

పొద్దు పొడవక ముందు పొయ్యెక్కించిన డేగిసా అది. ఇప్పుడు పొగమంచు కొండ దిగువకు జారిపోయి, పెరట్లో ఎండ తెల్లగా కాస్తోంది. సాయంత్రం చర్చిలో పూజ కాగానే పేటంతా ఈ ఇంటికే భోజనానికి వస్తుంది. కాఫీ బస్తాల లారీతో పాటు ఈ ఇంటి కొడుకు ఎవరిస్తో లోయలోకి జారిపోయి నేటికి ఏడాది.

 పిండి కొట్టడానికీ డొప్పలు తుడవడానికీ చీకటుండగానే వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే ఏదో పని గుర్తొచ్చిందంటూ జారుకున్నారు. పిండిమర నుంచి వచ్చీ రాగానే ఈ ఇంటి కూతురు ఒతీలియా మరదలిని అన్న మాట విన్నాక ఎవరు మాత్రం నిలుస్తారు. పక్కింటి క్రెసెన్సియా ఒక్కతే మిగిలింది. సాయానికి మిగిలిందో, మిగతాది కూడా వినడానికి మిగిలిందో ఆమెకే తెలియాలి.

"ఉడకదు," అంది ఒతీలియా, పిండి తొట్టిని పీచుతో గీకుతూ. "ఈ మహాతల్లి ఇక్కడున్నంతసేపూ ఉడకదు."

మహాతల్లి అంటే ఆమె తమ్ముడి భార్య సెనైదా. గోడవారన చాప మీద కూర్చుని, మిగిలిన డొప్పల్ని సన్నగా చీలుస్తోంది. ఒంటి మీద నల్ల గౌను, నల్ల శాలువా. ఏడాదిగా అవే. పాతికేళ్ల మనిషి ఆ నలుపులో నలభై ఏళ్లదానిలా కనిపిస్తుంది.

"నీకే చెప్తున్నా," అంది ఒతీలియా.

"వింటున్నాను వదినా."

"వింటే సరిపోదు. జవాబు చెప్పాలి."

"పొద్దున్నే చెప్పాను కదా. పిండిమర నికనోర్‌ని చేసుకునే ఉద్దేశం నాకు లేదని."

"ఉద్దేశం లేనిదానివి నికనోర్ ఇంట్లో తలుపులేసుకుని ఎందుకు కూర్చున్నావు? ఊళ్లో ఎవరికీ కళ్లు లేవనుకున్నావా? పిండిమర దగ్గర క్యూలో ఒక బొంగురుగొంతుది ఏమందో తెలుసా? 'ఒతీలియా, మీ మరదలికి ఇంక ఇక్కడ క్యూలో నిలబడే బాధ తప్పుతుందిలే. పిండి ఇంటికే వస్తుంది' అంది. అందరూ నవ్వారు. నేను బిందె ఎత్తుకుని నిలబడ్డాను, ఎటు చూడాలో తెలీక."

"నికనోర్ ఏమన్నాడు?" అని అడిగింది క్రెసెన్సియా.

"ఏమంటాడు. తల ఎత్తలేదు. పిండి తోసేసి ఇంజను దగ్గరికి వెళ్లిపోయాడు."

పొయ్యి పక్కన పొట్టి స్టూలు మీద, శాలువా చుట్టుకుని కూర్చున్న ముసలామె కళ్లు తెరిచింది. బ్రిహిదా. ఒతీలియాకు తల్లి, సెనైదాకు అత్త. పొద్దుట్నుంచీ ఆమె నోటి వెంట పదో పన్నెండో మాటలు వచ్చి ఉంటాయి.

"అడుగున నాణెం చప్పుడు వినిపిస్తోందా?" అని అడిగింది.

నీళ్లలో వేసిన రాగి నాణెం కొట్టుకుంటూనే ఉంది. తమాలేల కింద పరిచిన మొక్కజొన్న బెండ్ల అడుగున నీళ్లు ఇంకా ఉన్నాయి.

"వినిపిస్తోందక్కా," అంది క్రెసెన్సియా. "నీళ్లకేం లోటు లేదు. మంటకేం లోటు లేదు. పిండి కూడా నీళ్ల గ్లాసులో వేస్తే తేలింది, నేనే చూశాను. లోటల్లా మనుషుల్లోనే."

"కట్టెలు తడిసి ఉన్నాయి," అంది బ్రిహిదా.

"తడి కట్టెలతో నీ పెళ్లికి తమాలేలు వండలేదా మీ అమ్మ? వానాకాలమే కదా అది. ఉడికాయి. కోపం ఉంటే ఉడకవు. నా చిన్నప్పుడు మా మేనత్త ఇంట్లో రెండు రోజులు ఉడికించారు. ఆఖరికి పందులకి పోశారు. అన్నదమ్ములు పొలం కోసం కొట్టుకున్నారులే ఆ ఇంట్లో."

బ్రిహిదా స్టూలు మీంచి లేచింది. లేవడమే ఆమెకిప్పుడొక పని. ఒక మోకాలు, తర్వాత గోడ, తర్వాత రెండో మోకాలు. కోడలి వైపు చెయ్యి చాపితే, అడగకుండానే సెనైదా నాలుగు డొప్ప చీలికలు అందించింది. ముసలామె వాటిని డేగిసా రెండు చెవులకూ ముడివేసి, మూత మీద వేళ్లతో శిలువ గుర్తు గీసింది.

"ఉడుకు తల్లీ," అంది డేగిసాతో, అలిగిన పిల్లతో మాట్లాడినట్టు. "నీ మీద ఎవరికీ కోపం లేదు. వీళ్ల కోపం వీళ్ల మీదే." తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఇద్దరూ లేవండి. కోపం దిగేదాకా దీని చుట్టూ ఆడండి."

"అమ్మా, సంవత్సరీకం నాడు ఆడతారా ఎవరైనా?"

"సంవత్సరీకం నాడు పోట్లాడతారా?"

 ఒతీలియా పీచు తొట్టిలో పడేసి లేచింది. సెనైదా ఒళ్లో డొప్పలు దులుపుకుని లేచింది. క్రెసెన్సియా రెండు చేతులూ చరుస్తూ, పెళ్లిళ్లలో పాడే పాటేదో ముక్కుతో తీసింది.

అది ఆటేం కాదు. ఇద్దరాడవాళ్లు ఒక డేగిసా చుట్టూ, ఒకరి మొహం ఒకరికి కనిపించకుండా, కాళ్లీడ్చుకుంటూ తిరగడం. ఒతీలియా ముందు, సెనైదా వెనక. మధ్యలో ఒతీలియాకు ఆయాసం వచ్చింది. మొహం పాలిపోయి గోడ పట్టుకుంది. సెనైదా చటుక్కున భుజం పట్టుకోబోయింది.

"ముట్టుకోకు."

సెనైదా చెయ్యి వెనక్కి తీసుకుంది. పాట ఆగిపోయింది.

"చాల్లే, కూర్చోండి," అంది బ్రిహిదా. తనూ కూర్చుంది. మళ్లీ అదే వరస తలకిందులుగా, మోకాలు, గోడ, మోకాలు.

ఆవిరి మూత సందుల్లోంచి బుసకొడుతోంది. వేచి ఉండడం తప్ప చేసేదేం లేదు. ముసలామె ఎవరికీ కాకుండా మాట్లాడడం మొదలుపెట్టింది.

"మా అమ్మమ్మల అమ్మమ్మల నాటికంటే ముందు కాలంలో పిండిలో ఈ పంది కొవ్వు లేదట. పందులు తెల్లవాళ్లతోనే వచ్చాయి కదా. అంతకు ముందు పిండి, ఉప్పు నీళ్లు, మధ్యలో ఇంత చిక్కుడు గింజల ముద్ద. అంతే. విత్తనం వేసే ముందు పొలం మూలల్లో పాతేవాళ్లు. మా తాత పాతుతుంటే పాదిరి చూసి, దయ్యాలకి పెడుతున్నావా అని తిట్టాడు. మా తాత ఏమన్నాడో తెలుసా. 'స్వామీ, దయ్యాలకి కాదు, మట్టికి. మీరు వచ్చే ఆదివారం తినేది దీనిలోంచి వచ్చిందే కదా' అన్నాడు."

"పాదిరి ఏమన్నాడు?" అంది క్రెసెన్సియా.

"ఆదివారం వచ్చి తిన్నాడు."

క్రెసెన్సియా నవ్వింది. మిగతా ఇద్దరూ నవ్వలేదు.

"చచ్చిపోయినవాళ్లకి కూడా ఎప్పుడూ ఇదే పెట్టారు," అంది బ్రిహిదా. "నా కొడుక్కి నేను పచ్చిపిండి పెట్టేట్టున్నాను."

ఆ మాటతో ఒతీలియా కళ్లు తుడుచుకుంది. ఎవరిస్తో పుట్టేసరికి ఆమెకు పదహారేళ్లు. తల్లి పొలానికి వెళ్తే వాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆమే. ఆ తర్వాత ఆమెకు పెళ్లయి లోయ ఊరికి వెళ్లడం, గొడ్రాలని పేరు పెట్టి మొగుడు వెనక్కి పంపడం, తమ్ముడు గుర్రం తీసుకొచ్చి ఇంటికి తెచ్చుకోవడం, అన్నీ జరిగాయి. ఆ తమ్ముడి భార్యను ఆమె మొదట్నుంచీ ఇష్టపడలేదు. ఇష్టపడకపోవడానికి కారణం కూడా ఎన్నడూ దొరకలేదు. ఇవాళ దొరికింది.

క్రెసెన్సియా మళ్లీ మూత తీసింది. మళ్లీ ఒకటి విప్పింది.  విప్పిన తమాలేను ముగ్గురికీ కనిపించేట్టు చాపింది. అంచు ఉడికింది. నడుమ తెల్లగా, పిండి పిండిగానే ఉంది.

"ఇది కోపం కాదక్కా," అంది మెల్లగా. "కోపమైతే ఇంతసేపుండదు. ఇలా మచ్చలు మచ్చలుగా ఉడికిందంటే దీనికి వేరే అర్థముంది. ఈ వంటింట్లో ఎవరో నీళ్లోసుకున్నారు. చెప్పకుండా దాస్తున్నారు."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడింది.

"అలాంటివాళ్లు తమ ఏప్రన్ నాడా విప్పి డేగిసా చెవికి కట్టాలి. కట్టి, నేనే అని ఒప్పుకుంటే ఉడుకుతుంది. మీ అందరికీ తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేముంది."

అందరికీ తెలిసిందే. బ్రిహిదా ముసలిది, క్రెసెన్సియా మనవలున్నది, ఒతీలియా గొడ్రాలు. ఇక మిగిలిందెవరు. మూడు జతల కళ్లూ చాప మీదికి వెళ్లాయి.

"ఏడాది తిరక్కుండానే," అంది ఒతీలియా. గొంతు పైకి లేవలేదు. పొద్దుట్నుంచీ అరిచి అరిచి అలసిపోయిన గొంతు. "వాడి ఫొటో ముందు కొవ్వొత్తి నువ్వే వెలిగిస్తున్నావు రోజూ. ఎలా వెలిగిస్తున్నావే?"

సెనైదా తలెత్తి ఒతీలియా వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఒతీలియాకు సులువుగా ఉండేది. అందులో కోపం లేదు.

"చెప్పమ్మా," అంది బ్రిహిదా. "నిన్ను కొట్టేవాళ్లెవరూ లేరిక్కడ. నిజం చెప్పు."

సెనైదా లేచింది. నడుము వెనక్కి చేతులు పెట్టి ఏప్రన్ ముడి విప్పింది. నాడా సర్రున లాగి, డేగిసా దగ్గరకు నడిచి, డొప్ప చీలికల పక్కనే చెవికి చుట్టి కట్టింది.

"ఇదిగో. నేనే. ఇంక ఈ గొడవ ఆపండి. పూజకి వేళవుతోంది."

అంత తేలికగా అనేసి, అంటు గిన్నెలు ఎత్తుకుని పెరటి వైపు వెళ్లబోయింది. బ్రిహిదా కర్ర అడ్డం పెట్టింది.

"నువ్వుండు. గిన్నెలు తర్వాత తోమొచ్చు. ఒతీ, నువ్వు రా నాతో."

పెరట్లో రాతి తొట్టి దగ్గర నీడ ఉంది. పైన కాఫీ చెట్ల మీద ఏవో పిట్టలు కూస్తున్నాయి. సందు అవతల పిండిమర ఇంజను డుగుడుగుమంటోంది. బ్రిహిదా తొట్టి అంచు మీద కూర్చుంది. ఒతీలియా నిలబడే ఉంది, చేతులు కట్టుకుని.

"చూశావుగా. ఒప్పుకుంది," అంది ఒతీలియా.

"చూశాను. నీళ్లోసుకున్న మనిషి అలా కట్టదు. నేను ఏడుగురిని కన్నాను, ఇద్దరిని మిగుల్చుకున్నాను, ఇప్పుడు నువ్వొక్కదానివి. కట్టేటప్పుడు చెయ్యి వణకాలి. దాని చెయ్యి వణకలేదు." కర్ర తొట్టికి ఆనించింది. "నువ్వు బయట కూర్చుని ఎన్నాళ్లయింది?"

"అదేం ప్రశ్నమ్మా."

"అడిగినదానికి చెప్పు."

"ఆగిపోయింది. వయసొచ్చింది కదా, ఆగిపోదూ."

"నీ వయసుకే కదా నేను ఎవరిస్తోని కన్నాను. నాకూ ఆగిపోయిందనే అనుకున్నాను. పొద్దున్నే చేదు నీళ్లు వాంతి అవుతుంటే పైత్యమనుకున్నాను."

 తొట్టిలో నీళ్ల మీద ఒక ఆకు తిరుగుతోంది. ఒతీలియా దాన్నే చూసింది. చూస్తూ చూస్తూ, కింద బట్టలుతికే బండ మీద కూలబడింది.

"నేను గొడ్రాలినమ్మా."

"ఎవరన్నారు?"

"అందరూ అన్నారు. నువ్వూ అన్నావు. డేగిసాకి అడుగంటిన తమాలేలు తినొద్దు, కడుపులో బిడ్డ కూడా అలాగే అంటుకుపోతుంది అంటే విన్నావు కావు, అందుకే నీకీ గతి పట్టిందన్నావు. ఆయన పంపించేసిన రోజునే అన్నావు. అప్పట్నుంచీ అడుగంటింది ముట్టలేదు నేను. పేటలో ఆడపిల్లల్ని కూడా తిననివ్వలేదు."

బ్రిహిదా దోసిట్లో నీళ్లు తీసి కూతురి మొహం తుడిచింది. నలభై దాటిన మొహం, వేడికి కమిలి, పిండి అంటుకుని ఉంది. కళ్ల కింద, ముక్కు పక్కన, చెవి వెనక కూడా తుడిచింది, స్నానం చేయించినట్టు.

"ఎవరు?" అంది.

 సందు అవతల ఇంజను చప్పుడు కాసేపు ఆగి మళ్లీ మొదలయ్యేసరికి ఒతీలియా తల తనకు తెలియకుండానే అటు తిరిగింది. తల్లి అది చూసింది.

"నికనోరా."

"భార్య పోయి ఒంటరిగా ఉన్నాడు. మంచివాడనిపించింది. కాఫీ కోతలప్పుడు... ఏం చెప్పనమ్మా నీకు."

"ఏం చెప్పొద్దు. మరి సెనైదాని అంత మాటెందుకన్నావు?"

"ఆ తలుపు వెనక దాన్ని చూశామని ఊరంతా అంటే నేనేమనుకోవాలి? ఏమని అడగను దాన్ని? నా మనిషిని నువ్వెందుకు పట్టుకున్నావని అడగనా? అడిగితే నా సంగతి బయటపడుతుంది. అడగకపోతే గుండె పగిలిపోతుంది. అరిచాను. అరవడమొక్కటే చేతనయింది."

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. సెనైదా గిన్నెల తట్టతో వచ్చి నిలబడింది. విన్నదో లేదో మొహం చూసి చెప్పలేం.

"క్రెసెన్సియా అత్త తన ఇంటికి వెళ్లింది," అంది. "డేగిసా దగ్గర ఎవరూ లేరు."

"ఇలా రామ్మా," అంది బ్రిహిదా. "నికనోర్ ఇంటికి నువ్వెందుకెళ్లావు?"

సెనైదా తట్ట కింద పెట్టింది. ఒతీలియా వైపు కాకుండా నేల వైపు చూస్తూ చెప్పింది.

"వదినా నేనూ ఒక్క గదిలోనే పడుకుంటాం కదా. పొద్దున్నే లేచి బయటికి పరిగెత్తడం, మళ్లీ వచ్చి ఏం జరగనట్టు పడుకోవడం చూశాను. ఆవిడ వయసనుకుంటోందని తెలుసు. ఆవిడతో చెబితే నామీద విరుచుకుపడుతుందని కూడా తెలుసు. మనిషెవరో కాఫీ కోతలప్పుడే కనిపెట్టాను, అందుకని అతనికి చెప్పాను. ఇలా ఉంది, నువ్వు వచ్చి అడగాలి అన్నాను. తలుపు అతనే వేశాడు, కూతుళ్లు వింటారని."

"ఏమన్నాడు?" ఒతీలియా గొంతు లోపలెక్కడి నుంచో వచ్చింది.

"చావు జరిగిన ఇంటికి ఏడాదిలోపు పిల్లనడగడానికి రాకూడదన్నాడు. ఎవరిస్తో సంవత్సరీకం అవగానే పెద్దమనుషుల్ని తీసుకుని వస్తానన్నాడు."

అంటే ఇవాళ.

ఒతీలియా తలెత్తి అంది, "మరి ఇందాక నాడా ఎందుకు కట్టావే?"

"నన్ను ఇవాళ మా నాన్న తీసుకెళ్లిపోతున్నాడు వదినా. పూజయ్యాక. అత్తయ్యకి ముందే చెప్పాను. వెళ్లిపోయేదాని మీద ఎంత బురద పడితే ఏం. మా ఊరికి వినపడదు. ఇక్కడుండేది నువ్వు." తట్ట మళ్లీ ఎత్తుకుంది. "నాకు మాత్రం ఓపికెక్కడుంది, పొద్దుట్నుంచీ వినీ వినీ. కట్టేస్తే అయిపోతుందనిపించింది."

ఒతీలియా లేవడానికి తొట్టి అంచు పట్టుకుంది. తల్లి చెయ్యి అందించలేదు. కోడలు చెయ్యి అందించలేదు. ఆమే లేచింది.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి క్రెసెన్సియా కూడా వచ్చింది, వాళ్లింటి అటక మీది ఎండు ఓక్ కట్టెలు చంకలో పెట్టుకుని. మోకాళ్ల మీద కూర్చుని వాటిని పొయ్యిలోకి తోస్తోంది. క్రెసెన్సియా ముందు ఏం చేసినా, రేపు పొద్దున పిండిమర తెరిచేలోపు ఊరంతటికీ చేరుతుంది. ఒతీలియాకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. చిన్నప్పట్నుంచీ చూస్తున్న మనిషే.

ఊరకుంటే సరిపోతుంది. చెవికి ముడి ఉండనే ఉంది. ముడి వేసిన మనిషి చీకటి పడేలోపు కొండ దిగిపోతుంది.

ఒతీలియా డేగిసా ముందు నిలబడింది. ఆవిరి మొహానికి కొడుతున్నా పక్కకు జరగలేదు. సెనైదా కట్టిన ముడి బిగుసుకుపోయింది. గోళ్లతో లాగి లాగి విప్పింది. విప్పిన నాడాను మడిచి, వెనకే వచ్చిన సెనైదా చేతిలో పెట్టింది. తర్వాత తన నడుముకున్నది విప్పింది. కట్టేటప్పుడు వేళ్లు ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. మొదటి ముడి జారిపోయింది. మళ్లీ వేసింది.

"నేనే," అంది.

క్రెసెన్సియా కట్టె పట్టుకున్న చేత్తోనే అలాగే ఉండిపోయింది. నోరు తెరిచింది. ఆ నోరు తెరుచుకుని మాట రాకపోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకు ముందు చూడలేదు.

"కట్టె పెట్టు, క్రెసెన్సియా," అంది బ్రిహిదా గుమ్మంలోంచి.

క్రెసెన్సియా కట్టె పెట్టింది. ఓక్ కట్టె చిటపటమని అంటుకుంది.

చర్చి మొదటి గంట కొట్టినప్పుడు సెనైదా మూత తీసింది. డొప్ప రేకుకి రేకు ఊడి వచ్చింది. లోపల తమాలే నున్నగా, నిండుగా, మిరపకాయ ఎరుపు అంచుల్లోకి దిగి ఉంది. ఎండు కట్టెల మహిమో, ముడి మహిమో, అంతసేపు ఉడికితే ఏదైనా ఉడుకుతుందో, ఆ ఇంట్లో ఎవరూ వాదించలేదు. క్రెసెన్సియా ఒక ముక్క కొరికి చాలాసేపు నమిలింది.

"ఉప్పు సరిపోయింది," అంది.

పూజ అయింది. జపమాల అయింది. ఎవరిస్తో ఫొటో ముందు తెల్లపూల నడుమ వేడి వేడి తమాలేలు, కాఫీ, వాడికిష్టమైన మిఠాయి రొట్టె పెట్టారు. పేటంతా వచ్చింది. బల్లలు చాలక కొందరు అరుగుల మీద, కొందరు కాఫీ ఆరబెట్టే చప్టా మీద కూర్చుని తిన్నారు. ఒతీలియా వడ్డిస్తూ తిరిగింది. ఆమె దగ్గరకు వచ్చేసరికి కొన్ని మాటలు ఆగిపోవడం, దాటగానే మొదలవడం ఆమెకు వినిపిస్తూనే ఉంది. పొద్దుట్లా ఎటు చూడాలో తెలియకపోవడం లేదు. పళ్లెం వైపు చూసింది.

గోడవారన పెద్దల బల్ల మీద ఒక చోటు ఖాళీగా ఉంచారు. ఎందుకుంచారో ఆ ఇంటి ముగ్గురాడవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఒకళ్లిద్దరు కూర్చోబోతే ముసలామె కర్రతో వేరే చోటు చూపించింది.

ఎండ కొండెక్కుతుండగా నికనోర్ పెద్దకూతురు ఎలోయీసా వచ్చింది, బుట్టా గుడ్డా పట్టుకుని, ఇంటికి వాటా పట్టుకెళ్లడానికి. ఒంటరిగానే వచ్చింది.

"మీ నాన్న రాలేదా?" అని అడిగింది బ్రిహిదా.

"పొద్దున్నే బస్సుకి పువెబ్లా పట్నం వెళ్లాడమ్మా. పిండి పట్టడం సగంలో ఉండగానే మా ఆయన్ని ఇంజను దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాడు. పెట్టె పట్టుకెళ్లాడు." ఎలోయీసా గొంతు మరీ మామూలుగా ఉంది. "ఎప్పుడొస్తాడో చెప్పలేదు. మేమూ అడగలేదు."

ఆమె కళ్లు ఒక్కసారి ఒతీలియా నడుము మీద, నాడా లేకుండా పిన్నుతో గుచ్చుకున్న ఏప్రన్ మీద ఆగి పక్కకు తప్పుకున్నాయి.

ఒతీలియా బుట్ట అందుకుంది. అడుగున గుడ్డ పరిచి, తమాలేలు ఒకదాని పక్కన ఒకటి పేర్చింది. ఎక్కువా పెట్టలేదు, తక్కువా పెట్టలేదు. పైన గుడ్డ కప్పి, వేడి పోకుండా అంచులు లోపలికి దోపి, తిరిగి ఇచ్చింది.

"జాగ్రత్తగా వెళ్లు, జారుతుంది దారి," అంది.

జనం పల్చబడ్డాక ఆమె వంటింట్లోకి వెళ్లింది. సెనైదా అక్కడే ఉంది. నలుపు తీసేసి పెళ్లికి ముందు కుట్టించుకున్న గోధుమరంగు గౌను వేసుకుంది. నడుం దగ్గర వదులైపోయింది. పక్కన ముడి కట్టిన మూట.

"విన్నాను," అంది సెనైదా. "పువెబ్లాలో అతని చెల్లెలి ఇల్లు ఎక్కడో నాకు తెలుసు. మా నాన్న మాట్లాడి తెచ్చిన లారీ అటునుంచే వెళ్తుంది. దిగి మాట్లాడతాను."

"వద్దు."

"వదినా."

"నన్నొకడు పంపించేశాడు. పారిపోయేవాడి వెనక ఇంకొకసారి వెళ్లలేను. నా బదులు నువ్వు కూడా వెళ్లకు." ఒతీలియా స్టూలు మీద కూర్చుంది, తల్లి కూర్చునే స్టూలు. కాళ్లు చాపుకుంది. చీలమండలు వాచి ఉన్నాయి. "బాగా అలిసిపోయాను సెనైదా. ఏడవడానికి కూడా లేదు ఒంట్లో."

 సెనైదా మరుగుతున్న నీళ్లలో దాల్చినచెక్క వేసి, గ్లాసులో పోసి ఆమె చేతికిచ్చింది.

వీధి గుమ్మంలో సెనైదా తండ్రి టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పెద్దగా మాట్లాడని మనిషి. మధ్యాహ్నం నుంచీ అరుగు మీదే కూర్చుని, పెట్టింది తిని, అడిగినదానికి తలూపాడు.

"అమ్మాయ్, పొగమంచు దిగుతోంది. దారి కనపడదింక."

"వస్తున్నా నాన్నా."

మూట ఎత్తుకుంది. బ్రిహిదా దగ్గరకు వెళ్లి చెయ్యి ముద్దు పెట్టుకుంది. ముసలామె ఆమె నుదుటి మీద శిలువ గుర్తు వేసి, కొడుకు ఫొటో వైపు తల తిప్పుకుంది. సెనైదా వంటింటి గుమ్మం దాకా వచ్చింది.

"పిల్లకి, పిల్లాడికి, ఏదైతే దానికి," అంది లోపల్నుంచి ఒతీలియా, గ్లాసులోకి చూస్తూ. "జ్ఞానస్నానం రోజు చేతుల్లో పట్టుకునే జ్ఞానతల్లి ఒకతె కావాలి. ఈ ఊళ్లో నేనెవర్ని అడగను? అడిగితే ఎవరొస్తారు?"

బయట లారీ ఇంజను స్టార్టయింది. సెనైదా తండ్రి డ్రైవరుతో ఏదో చెబుతున్నాడు.

"ఉండమని అనను," అంది ఒతీలియా. "పొద్దున నేనన్న మాటలకి ఉండమనే మొహం లేదు నాకు. కానీ వాన్లు పడేసరికి పుడుతుంది. నేను ఎప్పుడూ కనలేదు. నాకు భయంగా ఉంది."

లారీ హారను మోగింది. కాసేపాగి మళ్లీ మోగింది.

సెనైదా మూట దించలేదు. గడప కూడా దాటలేదు.